ఆసు కనబడగానే అడిగే ప్రశ్న

పోయిన సంచికలో బ్లాక్‌జాక్ గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. అందులోనూ ఎక్కువమంది అడిగింది ఇన్సూరెన్స్ సంగతి. ఆట తెలియనివాళ్ళ కోసం ముందు కాస్త చెప్తాను. 21 దాటకుండా డీలర్ (క్యాసినో తరఫున ముక్కలు పంచే మనిషి) కన్నా ఎక్కువ తెచ్చుకోవడమే ఆట. మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది పడితే అది 21, దాన్నే బ్లాక్‌జాక్ అంటారు. డీలర్ తనకు రెండు ముక్కలు వేసుకుంటాడు, ఒకటి తెరిచి, ఒకటి మూసి. తెరిచిన ముక్క ఆసు అయితే, మూసిన ముక్క చూసుకునే ముందు బల్ల చుట్టూ ఒకసారి "ఇన్సూరెన్స్?" అని అడుగుతాడు. మీరు కాసిన పందెంలో సగం దాకా పక్కనున్న గీత మీద పెట్టవచ్చు. మూసిన ముక్క పదో, జాకీయో, రాణో, రాజో అయితే (వీటన్నిటినీ ఇకమీద పదులు అంటాను) ఆ సగానికి రెండింతలు ఇస్తారు. కాకపోతే ఆ సగం పోతుంది, అసలు ఆట మామూలుగా సాగుతుంది.

నేను 11 ఏళ్ళు ఆ బల్ల వెనక నిలబడి ముక్కలు పంచాను. తర్వాత 6 ఏళ్ళు పై అంతస్తులో, కెమెరాల గదిలో కూర్చున్నాను. కాబట్టి ఈ జవాబులు రెండు వైపుల నుంచీ చూసిన మనిషివి.

ప్రశ్న: మేడమ్, నా దగ్గర రెండు రాజులు, మొత్తం 20. డీలర్‌కి ఆసు. ఇంత మంచి ముక్కలు పడ్డప్పుడు కాపాడుకోవాలి కదా అని ఇన్సూరెన్స్ తీసుకుంటాను. 15, 16 పడితే ఎలాగూ పోయే ఆటే కదా అని వదిలేస్తాను. ఇది తలకిందుల లెక్క అంటాడు మా తమ్ముడు. ఎవరిది ఒప్పు?

జవాబు: మీ తమ్ముడిదే. మిమ్మల్ని తప్పుపట్టను, ఆ పందానికి పెట్టిన పేరే అలాంటిది. కాపాడుకోవడం అన్న మాట కాసేపు పక్కన పెట్టండి. అక్కడ జరుగుతున్నది ఇంకో పందెం: డీలర్ మూసిన ముక్క పది అవునా, కాదా. ఒకటికి రెండు ఇస్తారు కాబట్టి, మీకు కనబడని ముక్కల్లో మూడింట ఒక వంతు పదులైతే ఎవరికీ లాభం లేదు, నష్టం లేదు. అంతకన్నా తక్కువైతే నష్టం మీది.

ఒక్క కట్టతో, మొదటి ఆటలో చూద్దాం. 52 ముక్కలు. డీలర్ ఆసు ఒకటి, మీ రెండు రాజులు తీసేస్తే మిగిలినవి 49. కట్టలో ఉన్న 16 పదుల్లో రెండు మీ చేతిలోనే ఉన్నాయి, ఇక 14. ఆ 49 ముక్కలూ ఒక్కోసారి డీలర్ కింద ఉన్నాయనుకోండి, ప్రతిసారీ మీరు ఒక చిప్ (పందెం బిళ్ళ) పెట్టారనుకోండి. 14 సార్లు రెండేసి చొప్పున 28 వస్తాయి. 35 సార్లు ఒక్కోటి పోతుంది. నికరంగా 49 చిప్స్ పెట్టి 7 పోగొట్టుకున్నారు, అంటే 14 శాతం పైనే.

ఇప్పుడు మీరు వదిలేసే 16 తీసుకోండి, 9, 7 కలిపి. పదులు 16కి 16 బయటే ఉన్నాయి. 32 వస్తాయి, 33 పోతాయి. నష్టం 2 శాతం. చూశారా? మీరు మురిసిపోయి కాపాడుకుంటున్న 20 ఇన్సూరెన్స్‌కి అన్నిటికన్నా చెడ్డది. డీలర్ కింద ఉండాలని మీరు పందెం కాస్తున్న ముక్కలే మీ చేతిలో ఉన్నాయి మరి! ఆరు కట్టల ఆటలో తేడా ఇంత కొట్టొచ్చినట్టు ఉండదు. రెండు పదులుంటే నష్టం 8.7 శాతం, ఒక్క పదీ లేకపోతే 6.8. అయినా మొగ్గు అటే.

అలాగని ఎప్పుడూ తీసుకోకూడదని కాదు. అదే ఒక్క కట్ట ఆటలో నలుగురు ఆడుతున్నారు, అందరి ముక్కలూ తెరిచే ఉన్నాయి, ఎనిమిదిలో ఒక్క పదీ లేదు. ఇప్పుడు కనబడనివి 43, అందులో పదులు 16. 32 వస్తాయి, 27 పోతాయి. ఇక్కడ తీసుకోవాలి, మీ చేతిలో ఏ చెత్త ఉన్నా సరే. ముక్కలు లెక్కపెట్టేవాళ్ళు చేసేది ఇదే, కాకపోతే ఆరు కట్టలకు, పొద్దస్తమానం.

ప్రశ్న: నాకు బ్లాక్‌జాక్ (ఆసు, పది) పడి డీలర్‌కి ఆసు ఉంటే "ఈవెన్ మనీ కావాలా" అంటారు, అంటే పందెం ఎంతో అంత వెంటనే ఇచ్చేస్తారు. ఇందులో నష్టం ఎక్కడుంది? గ్యారంటీగా వచ్చే డబ్బు కదా.

జవాబు: గ్యారంటీయే. కాస్త తక్కువ గ్యారంటీ. అది ఇన్సూరెన్సే, వేరే పేరుతో. 10 చిప్స్ కాశారు, 5 ఇన్సూరెన్స్ పెట్టారనుకోండి. డీలర్‌కీ బ్లాక్‌జాక్ ఉంటే అసలు పందెం ఎవరిది వాళ్ళకి, ఇన్సూరెన్స్ మీద 10 వస్తాయి. లేకపోతే బ్లాక్‌జాక్‌కి 15 వచ్చి ఇన్సూరెన్స్ 5 పోతుంది, మళ్ళీ 10. ఎటు తిప్పినా పదే. ఏమీ తీసుకోకుండా ఊరుకుంటే? ఆరు కట్టల్లో కనబడని 309 ముక్కల్లో 214 పదులు కానివి, అప్పుడు 15 వస్తాయి. మిగతా 95 సార్లు సున్నా. సగటున 10.39 చిప్స్. ఆ 0.39 మీరు టెన్షన్ తగ్గించుకోవడానికి ఇస్తున్న రుసుము.

బ్లాక్‌జాక్‌కి 3:2 (10కి 15) బదులు 6:5 (10కి 12) ఇచ్చే బల్లల మీద మాత్రం కథ వేరు. ఊరుకుంటే సగటు 8.31 చిప్సే. అందుకే అక్కడ ఈవెన్ మనీ సాధారణంగా ఇవ్వరు. పొరపాటున ఎవరైనా ఇస్తానంటే వద్దనకండి.

డీలర్‌గా ఉన్న రోజుల్లో నేను కూడా "చాలామంది తీసుకుంటారండీ" అని నవ్వుతూ చెప్పేదాన్ని. అబద్ధం కాదు, నిజంగానే చాలామంది తీసుకునేవారు.

ప్రశ్న: హై-లో కౌంట్ (బయటపడ్డ ముక్కలను బట్టి ఇంకా పెద్ద ముక్కలు ఎన్ని మిగిలాయో అంచనా వేసే లెక్క) నేర్చుకుని ఏడాదిగా ఆడుతున్నాను. 2 నుంచి 6 దాకా ప్లస్ ఒకటి, 7, 8, 9 సున్నా, పదులు, ఆసులు మైనస్ ఒకటి. మొత్తాన్ని మిగిలిన కట్టలతో భాగిస్తాను. అది +3 అయితే ఇన్సూరెన్స్, లేకపోతే లేదు, ఒక్కసారి కూడా తప్పలేదు. పోయిన వారం ఆరు కట్టల బల్ల మీద దాదాపు మూడు గంటలు కూర్చున్నాను. కౌంట్ +3.5, పెద్ద పందెం, నా దగ్గర 15, డీలర్‌కి ఆసు. ఇన్సూరెన్స్ తీసుకున్నాను. ఇరవై నిమిషాల్లో సూపర్‌వైజర్ వచ్చి "ఇక్కడ ఏ ఆటైనా ఆడండి, బ్లాక్‌జాక్ మాత్రం వద్దు" అన్నాడు. నేను తప్పెక్కడ చేశాను?

జవాబు: తప్పు చేయకపోవడమే మీ తప్పు, నాయనా.

మా గదిలో అనుమానం వచ్చిన మనిషికి ఒక కాగితం తీసేవాళ్ళం. ఒకవైపు చిన్న పందాలు, ఒకవైపు పెద్ద పందాలు. డీలర్‌కి ఆసు వచ్చిన ప్రతిసారీ ఆ మనిషి చేతిలో ఏముంది, ఇన్సూరెన్స్ తీసుకున్నాడా లేదా, అంతే. మీ మూడు గంటలకు ఆ కాగితం ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలను. చిన్న పందెం ఉన్నప్పుడు 20 పడ్డా తీసుకోలేదు, బ్లాక్‌జాక్ పడ్డా ఈవెన్ మనీ వద్దన్నారు. పెద్ద పందెం ఉన్నప్పుడు మాత్రం 15కి తీసుకున్నారు. మామూలు మనిషి 15కి ఇన్సూరెన్స్ తీసుకోడు. పైన రాసిన పాఠకుడిలా "ఎలాగూ పోయేదే" అనుకుంటాడు. ఆ తర్వాత మేము వీడియో వెనక్కి తిప్పి, మేమే కౌంట్ చేసుకుంటూ మీ పందాలు దానితో పాటు పెరుగుతున్నాయో లేదో చూస్తాం. అంత శ్రమ పడాలా వద్దా అని తేల్చేది ఇన్సూరెన్స్.

ఇక్కడ తమాషా ఏమిటంటే, లెక్కపెట్టేవాడికి లాభం తెచ్చే నిర్ణయాల్లో కూడా ఇదే పెద్దది. మామూలు ఆట పద్ధతిని కౌంట్‌ని బట్టి ఎక్కడెక్కడ మార్చుకోవాలో బ్లాక్‌జాక్ లెక్కల మీద రాసే డాన్ ష్లెసింజర్ 1986లో 18 నిర్ణయాల జాబితా వేశాడు. అందులో మొదటిది ఇన్సూరెన్సే. దాన్ని వదులుకుంటే కడుపు మాడుతుంది, వదులుకోకపోతే దొరికిపోతారు. మధ్యలో దారి ఉంది. అదేమిటో చెప్తాను.

+3 అన్నది లాభం మొదలయ్యే చోటు. సరిగ్గా అక్కడ తీసుకున్నా ఒకటే, వదిలేసినా ఒకటే. కౌంట్ ఒకటి మారితే ఇన్సూరెన్స్ పందెం మీద సుమారు రెండున్నర శాతం అటూ ఇటూ అవుతుంది. మీ +3.5 దగ్గర 15తో ఇన్సూరెన్స్ వదిలేసి ఉంటే పోయేది ఎంత? ఆ సగం పందెం మీద ఒక శాతం పైచిలుకు. అసలు పందెం మీద చూస్తే అర శాతం. ఆ కాస్త కోసం మీరు బల్లే పోగొట్టుకున్నారు! అదే కౌంట్ +2.5 ఉండి చేతిలో 20 ఉంటే ఇన్సూరెన్స్ తీసుకోండి, దాదాపు అంతే ఖర్చు. పైగా మంచి ముక్కలకు ఇన్సూరెన్స్ తీసుకుంటే ఒకటి పోయినప్పుడు రెండోది వస్తుంది, ఎగుడుదిగుళ్ళు తగ్గుతాయి. మంచి ముక్కలకు తీసుకుని చెడ్డ ముక్కలకు వదిలేయడం, అచ్చం మా కాగితం మీద అమాయకులు చేసేదే. +3 చుట్టుపక్కల అలా నడుచుకోండి. +6 దాకా పోయిందంటే మాత్రం చేతిలో ఏమున్నా తీసుకోండి, అక్కడ మొహమాటానికి పోతే చాలా ఖరీదు.

ఇంకొకటి, చిన్న పందాల మీద ఈవెన్ మనీ తీసుకోండి. పందెం మీద 3.9 శాతం నష్టం, నిజమే. కానీ ఆరు కట్టల్లో మీకు బ్లాక్‌జాక్, డీలర్‌కి ఆసు, రెండూ కలిసి రావడం సుమారు 280 ఆటలకు ఒకసారి. అదీ చిన్న పందెం మీదే. ఇంత చవగ్గా అమాయకుడి వేషం ఇంకెక్కడా దొరకదు.

కళ్ళ సంగతి మీరు రాయలేదు కాని నేను పందెం కాస్తాను, మిమ్మల్ని పట్టించినవాటిలో అవీ ఉంటాయి. డీలర్ ఆసు తెరవగానే మామూలు మనిషి తన ముక్కలు చూసుకుంటాడు, లేదా డీలర్ మొహం చూస్తాడు. లెక్కపెట్టేవాడి చూపు మిగతావాళ్ళ ముక్కల మీదుగా గబగబా వెళ్ళి, వాడేసిన ముక్కలు పేర్చే ట్రే దగ్గర ఆగుతుంది. ఎన్ని కట్టలు అయిపోయాయో అంచనా వేసుకుని భాగించాలి కదా. ఆ ఒక్క క్షణం కెమెరాలో ఎంత స్పష్టంగా కనబడుతుందో మీకు తెలీదు. భాగహారం ముందే, ఆట మొదలయ్యేలోపు చేసిపెట్టుకోండి. ఇన్సూరెన్స్ అడిగేసరికి మీ దగ్గర జవాబు ఉండాలి, అయినా ఒక క్షణం ఆలోచిస్తున్నట్టు కనబడాలి.

ఇవన్నీ చేసినా ఒక చిప్ నుంచి ఒక్కసారిగా పన్నెండుకు దూకితే ఎవరూ కాపాడలేరు. పందెం పెంచే తీరే అసలు ఆధారం. మూడు గంటలు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం కూడా ఎక్కువే, గంటలోపు లేవండి. తాగినట్టు నటించడం, టోపీలు, నల్ల కళ్ళద్దాలు జోలికి పోకండి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది.

ఇంకో మాట, ఇది లెక్క ఇష్టపడేవాళ్ళకు. హై-లోలో ఆసుని కూడా పదితో కలిపి మైనస్ ఒకటి అంటాం. ఇన్సూరెన్స్‌కి ఆసు పది కాదు, అడ్డమే. అందుకే ఈ విషయంలో హై-లో కాస్త మసకగా చూస్తుంది. 1962లో గణిత ఆచార్యుడు ఎడ్వర్డ్ థార్ప్ బయటపెట్టిన పదుల లెక్కలో ఈ తిప్పలు లేవు. పదులు కానివాటిని పదులతో భాగించాలి. కొత్త కట్టలో 36ని 16తో భాగిస్తే 2.25. అది 2 కన్నా తగ్గితే ఇన్సూరెన్స్. అచ్చంగా సరిపోతుంది, కానీ ఆరు కట్టలకు అలా రెండు సంఖ్యలు మోయడం అందరివల్లా కాదు.

మా కాగితం కూడా ఒక్కోసారి తప్పింది. ఒక పెద్దాయన చిన్న పందెం ఉంటే ఇన్సూరెన్స్ ముట్టుకోడు, పెద్ద పందెం ఉంటే 12 పడ్డా తీసుకుంటాడు. నేనే పట్టుకున్నానని గర్వంగా ఫోన్ చేశాను, ఆయన్ని ఆపేశారు. తర్వాత తీరిగ్గా వీడియో తిప్పి చూస్తే ఆయన పందాలకూ కౌంట్‌కీ సంబంధమే లేదు. గెలిస్తే పెంచేవాడు, ఓడితే తగ్గించేవాడు. పెద్ద డబ్బుకి ఇన్సూరెన్స్ ఉండాలని ఆయన నమ్మకం, అంతే. నెలనెలా వచ్చి ఓడిపోయే మనిషిని చేజేతులా పంపేశాం. మా మేనేజర్ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ప్రశ్న: ఫోన్‌లో ఆడే బ్లాక్‌జాక్‌లో కౌంట్ చేయవచ్చా? లేదా నిజం బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో లెక్కపెట్టుకుంటే?

జవాబు: మొదటిదానికి: మనిషి పంచకుండా ప్రోగ్రామ్ పంచే ఆటలో సాధారణంగా ప్రతి ఆటకీ ముక్కలన్నీ మళ్ళీ కలిపేస్తారు. గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగలదు. అక్కడ ఇన్సూరెన్స్ ఎప్పుడూ వద్దనండి. రెండోదానికి: తలలో లెక్కపెట్టుకోవడం వేరు, పరికరంతో లెక్కపెట్టడం వేరు. లాస్ వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో 1985 నుంచి పరికరం వాడటం నేరం, జైలుకు పంపగల నేరం. ఫోన్ జేబులోంచి తీయకండి.

ప్రశ్న: తలలో లెక్కపెట్టడం నేరం కాదంటారు. మరి వాళ్ళు ఎలా వెళ్ళగొడతారు? కోర్టుకి వెళ్ళవచ్చు కదా?

జవాబు: వెళ్ళినవాడున్నాడు. కెన్ ఉస్టన్ అని, 1970లలో జట్టు కట్టి ఆడిన మనిషి. ఆ జట్టు పద్ధతి అల్ ఫ్రాన్సెస్కో పెట్టింది. కొందరు చిన్న పందాలు కాస్తూ ఒక్కో బల్ల దగ్గర లెక్కపెడుతుంటారు, కౌంట్ బాగుందని సైగ చేయగానే పెద్ద పందెం కాసేవాడు వచ్చి కూర్చుంటాడు. అతను పందెం మార్చనే మార్చడు కాబట్టి పట్టుకోవడం కష్టం. ఉస్టన్‌ని న్యూజెర్సీ రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీలో ఆపేస్తే కేసు వేశాడు. 1982లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు, లెక్కపెడుతున్నాడన్న కారణంతో క్యాసినో తనంతట తాను మనిషిని బయటికి పంపకూడదని తీర్పిచ్చింది. అది క్యాసినోలను అదుపు చేసే రాష్ట్ర కమిషన్ చేతిలో ఉండాల్సిన అధికారం అంది.

గెలిచాడు, కానీ ఆ గెలుపు ఎంతవరకు? అక్కడి బల్లల మీద మధ్యలోనే ముక్కలు కలిపేయడం, పందెం పరిమితి తగ్గించడం లాంటివి మొదలయ్యాయి. మిమ్మల్ని కూర్చోనిస్తారు, ఆటని మాత్రం పనికిరాకుండా చేస్తారు. నెవాడాలో అయితే ఆ తీర్పు వర్తించదు. ఆడొద్దు అనవచ్చు, బయటికి వెళ్ళమనవచ్చు. మళ్ళీ రావద్దని చెప్పాక వస్తే అప్పుడది అక్రమ ప్రవేశం, నిజమైన నేరం.

ఒకప్పుడు క్యాసినోలు ఫోటోల పుస్తకాలు కొనుక్కునేవి. గ్రిఫిన్ ఇన్వెస్టిగేషన్స్ అని లాస్ వేగస్‌లో ఒక సంస్థ మోసగాళ్ళతో పాటు లెక్కపెట్టేవాళ్ళ ఫోటోలూ అందించేది. ఆ రెంటినీ ఒకే గాటన కట్టినందుకు పరువునష్టం దావాలో ఓడి 2005లో దివాలా తీసింది.

మిమ్మల్ని ఆపినప్పుడు వాదించకండి. చిప్స్ తీసుకోండి, మార్చుకోండి, బయటికి నడవండి. లోపలి గదికి రమ్మంటే వెళ్ళనని మర్యాదగా చెప్పండి. గొడవపడ్డవాళ్ళ మొహాలే మాకు బాగా గుర్తుండేవి.

ప్రశ్న: చిన్న సందేహం. నేను కౌంట్ చేస్తాను. పక్కన కూర్చున్నవాళ్ళు "ఇన్సూరెన్స్ తీసుకోనా అన్నా?" అని అడుగుతుంటారు. తెలిసి చెప్పకపోతే పాపం అనిపిస్తుంది. ఏం చెప్పాలి?

జవాబు: "నేనూ ఊహించి పెడుతున్నానండీ" అనండి. మీరొకసారి సరిగ్గా చెప్పారంటే తర్వాతి ఆసుకి బల్ల అంతా మీ వైపే తిరుగుతుంది. నేను పంచే బల్ల మీద ఒకసారి అదే జరిగింది. ఒక కుర్రాడు పక్కనున్న ఆవిడకు మెల్లగా "ఇప్పుడు తీసుకోండి" అన్నాడు, డీలర్‌నైన నాకు బ్లాక్‌జాక్ వచ్చింది. పది నిమిషాల తర్వాత మళ్ళీ ఆసు. "ఇన్సూరెన్స్?" అన్నాను. ఒక్కరూ చిప్ ముట్టుకోలేదు. ఐదుగురూ ఆ కుర్రాడి మొహం చూస్తున్నారు, నా వెనక నిలబడ్డ సూపర్‌వైజర్‌తో కలిపి ఆరుగురు.